హిమాలయాల్లో ఆమె, చిత్తూరు బస్సులో నేను

తమను తాము వెతుక్కోవాలనుకునే ఆడవాళ్ళకు మా ఊళ్ళో పుట్టడమంత దురదృష్టం ఇంకొకటి లేదు. నవలల్లో నాయిక ఒకరోజు ఉన్నట్టుండి పెట్టె సర్దుకుంటుంది, రైలెక్కుతుంది, కొండలున్న చోట దిగుతుంది. అక్కడ తెల్లవారుజామున గుడి గంటలు వినిపిస్తాయి. దాంతో తానెవరో ఆమెకు తెలిసిపోతుంది. మాకు తిరుపతిలో కిటికీ తెరిస్తే కొండలు. గంటలు వీధి వీధినా. దేశంలోని జనమంతా ఏదో వెతుక్కుంటూ రైళ్ళ నిండా మా ఊరికే వస్తారు. మరి మేమెక్కడికి పోవాలి? నేనైతే చిత్తూరు పోతాను. ఆదివారాలూ కోర్టు సెలవులూ తప్ప రోజూ పోతాను.

చిత్తూరు కోర్టులో ఒక వకీలు దగ్గర గుమాస్తాను. పిటిషన్లు టైపు చేస్తాను, కక్షిదారులకు ధైర్యం చెబుతాను, వకీలుగారు ఇంట్లో నిద్రపోతుంటే వేరే కోర్టులో వాదిస్తున్నారని చెబుతాను. కల్పించి చెప్పడం ఈ ఉద్యోగంలో నేర్చుకున్నానని కొందరు అపోహపడతారు. కాదు, అది నా పుట్టింటి ఆస్తి. మా తాత కార్వేటినగరం దొరగారి ఏనుగుకు రోజూ పద్యాలు వినిపించేవాడనీ, ఎక్కడైనా తప్పు చదివితే ఆ ఏనుగు తొండంతో నెత్తిన మొట్టేదనీ ఒకసారి బస్సులో చెప్పాను. ఎవరో నమ్మలేదు. మా తాత నెత్తిన జుట్టు ఎందుకు మొలవలేదో మరి మీరే చెప్పండి అన్నాను. నోరు మూసుకున్నారు. తిరుపతి నుంచి చిత్తూరుకు పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. అంతసేపు చెప్పుకోవడానికి సరిపడా నిజాలు ఏ మనిషి బతుకులోనైనా ఉంటాయా?

నవల పుట్టింది ఆ బస్సులోనే. అందుకు బాధ్యురాలు మా టీచరమ్మ. పూతలపట్టు దగ్గర బడిలో పనిచేస్తుంది, ఎప్పుడూ మా ముందు సీట్లో కూర్చుంటుంది, చేతిలో ఏదో ఒక పుస్తకం ఉంటుంది. ఇన్ని కథలు గాలికి పోతున్నాయి, కూర్చుని రాయొచ్చు కదా అని ప్రాణం తీసింది. సరే, రాస్తే చిన్నదెందుకు, పెద్దదే రాద్దామని ఒక స్త్రీ తనను తాను, వీలైతే పనిలో పనిగా ప్రేమను కూడా, వెతుక్కుంటూ పోయే నవల మొదలుపెట్టాను. పిటిషన్‌కూ పిటిషన్‌కూ మధ్య ఆఫీసు కంప్యూటర్లో టైపు చేయడం, ప్రింటు తీయడం, టీచరమ్మకు ఇవ్వడం. ఆమె చంద్రగిరి దాటగానే నలుగురికీ వినిపించడం.

నా నాయికను నేరుగా హిమాలయాలకు పంపించాను. మంచు నేను చూసింది ఫ్రిజ్జు పై అరలోనే, అయినా వర్ణనకు లోటు చేయలేదు. ఆమె ఒక ఆశ్రమంలో దిగింది. ఉదయం నది దగ్గర కూర్చుంటుంది, సాయంత్రం లేస్తుంది. గ్యాసు బుక్ చేయదు, నీళ్ళు పట్టదు, ఎవరి మందులూ తేదు. కొన్నాళ్ళకు గడ్డమున్న శిల్పి ఒకాయన తగిలాడు. మాట్లాడడు. చూస్తాడు, అంతే. ఆయనకు పూట ఎట్లా గడుస్తుందో నేను రాయలేదు. ఇలాంటి నవలల్లో ఆ సంగతి అడగడం మర్యాద కాదు. చిత్తూరు బస్సు జనానికి మర్యాద తెలియదు కాబట్టి వాళ్ళు అడిగారు. మామిడికాయల మండీలో పనిచేసే ఒకామె అయితే, నాలుగు అధ్యాయాలు ఓపికగా విని, ఆయమ్మ అన్నం తిని ఎన్నాళ్ళయిందో కనుక్కోమంది.

ఈ నవల వినేవాళ్ళలో ఏమీ అడగని మనిషి ఒక్కడే. నా పక్కన కూర్చునేవాడు.

ఆయన చిత్తూరులో వ్యవసాయశాఖ ఆఫీసులో ఉద్యోగి. భార్య పోయి చాలా ఏళ్ళయింది. నాకంటే ముందు స్టాండుకు వస్తాడు. బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి భుజం మీది తుండుగుడ్డ సీటు మీదికి విసురుతాడు. మా వైపు బస్సుల్లో తుండు పడిన సీటు మీద ఇంకొకరికి హక్కు లేదు. ఏ చట్టంలోనూ ఈ సెక్షను లేదు కానీ, ఏ చట్టాన్నీ జనం ఇంత భక్తిగా పాటించగా నేను చూడలేదు. ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయినప్పటి నుంచి జనం రెట్టింపయ్యారు, తుండుకు విలువ ఇంకా పెరిగింది. ఆయన తుండు ఇద్దరు కూర్చునే సీటంతా పరుచుకునేది. కిటికీ వైపు నాది. ఇది ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తు లేదు. కోర్టు భాషలో చెప్పాలంటే, నిరాటంక అనుభవం.

మొన్న చలికాలంలో, కాశిపెంట్ల దగ్గర లారీల వెనక బస్సు ఇరుక్కుపోయి ఉండగా, ఆయన కిటికీ బయటికి చూస్తూ ఇలా అన్నాడు:

"నాకు వచ్చే నెలాఖరికి రిటైర్మెంటు. ఇంక బస్సుండదు. మీకేం ఇబ్బంది లేకపోతే మనం పెండ్లి చేసుకుందామా? రోజూ మాట్లాడుకునేదానికి ఇంకో దావ నాకు కనపడలా."

నా నవల్లో శిల్పి ప్రేమను చెప్పడానికి రాయి చెక్కాడు, మూడు అధ్యాయాలు పట్టింది. ఈయనకు ఒక లారీ ముందుకు కదిలేంత సేపు పట్టింది. ఇంత మాట ఇంత చప్పగా చెబుతారా ఎవరైనా? నవల అయిపోనీయండి, అప్పుడు చెబుతాను అన్నాను. ఆయన తల ఊపాడు. ఫైలు మీద సంతకానికి ఆగమంటే ఆగే మనిషి ఎట్లా ఊపుతాడో అట్లా.

ఆ రోజు నుంచి నవల కదిలితే ఒట్టు. అంతకు ముందు వారానికొక లోయ దాటిన నాయిక, నది ఒడ్డున ఒక రాయి మీద కూర్చుని ఇక లేవలేదు. మంచు పడింది. మంచు మీద మంచు పడింది. టీచరమ్మ విసుక్కుంది. నెలాఖరు మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా వస్తోంది. ఆయన రిటైరయితే తుండు ఉండదు, పక్క సీటు ఎవరికో పోతుంది, నేను ఏనుగు కథలు కిటికీకి చెప్పుకోవాలి. ఔననడానికి భయం. ఒకసారి ఔనన్నాను, దాని ఫలితం నాకు బాగా గుర్తుంది. పెళ్ళయిన కొత్తలోనే ఆ మహానుభావుడు తనను తాను వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు. హోసూరులో దొరికాడట, ఇంకొకామె ఇంట్లో. విడాకుల పిటిషన్ నేనే టైపు చేసుకున్నాను. వకీలుగారు చదివి ఒక్క కామా కూడా మార్చలేదు.

మధ్యలో మా అమ్మ ఒకతె. అప్పట్లో నా కాపురం చెడినప్పుడు, ఆమె కొండకు నడిచిపోయి మొక్కుకుంది. నా బిడ్డ బతుకు చక్కబడితే దాని తలనీలాలు ఇస్తాను స్వామీ అని. గమనించండి, తన తల కాదు. నా తల. మా ఇళ్ళలో మొక్కుకునేది ఒకరు, గుండు కొట్టించుకునేది ఒకరు. పక్కవాళ్ళ ఆస్తిని తాకట్టు పెడితే కోర్టులో చెల్లదు, కొండ మీద చెల్లుతుంది. హోసూరు నుంచి ఎవరూ తిరిగి రాలేదు కాబట్టి షరతు నెరవేరలేదనీ, మొక్కు తీర్చనక్కరలేదనీ ఇన్నేళ్ళూ నేను వాదిస్తూ వచ్చాను. అమ్మ కూడా ఒప్పుకుంది. అట్లాంటిది ఒకరోజు పొద్దున, నేను జడ వేసుకుంటుంటే వాకిట్లోంచి చూసి తీర్పు చెప్పింది.

"ఈ ఆదివారం కొండకు పోయి గుండు కొట్టిచ్చుకో. మొక్కు చెల్లిపోయింది."

ఏం చక్కబడిందమ్మా అని అడిగాను. అదే జీతం, అదే కోర్టు, అదే అద్దె ఇల్లు.

"నా కండ్లు పోయినాయనుకుంటాండావా? చిత్తూరు బస్సుకు ఆడమనిషి పూలు పెట్టుకోని నవ్వుకుంటా పరిగెత్తేది యాడన్నా సూసినామా? ఎవురో ఏందో నాకు సెప్పొద్దు. సామి బాకీ మాత్రం ఉంచొద్దు."

టైపిస్టుగా నాకు ఎన్నో తీర్పులు తెలుసు. ఇంత తక్కువ సాక్ష్యంతో ఇంత సరైన తీర్పు చూడలేదు. అప్పీలుకు అవకాశం లేదు. ఆదివారం కొండకు పోయాను.

కల్యాణకట్టలో కూర్చుని తల వంచితే అంతా క్షణాల్లో అయిపోయింది. నవల్లో అయితే నాయిక కురులు ఒక్కొక్కటే రాలుతుంటే ఒక్కొక్క బంధం తెగుతున్నట్టు రాసేదాన్ని. నాకు చెవుల వెనక చక్కిలిగింత తప్ప ఏమీ తెలియలేదు. గంధం పూసుకుని, అద్దం ఉన్న కొట్టు కోసం చూసి, అందులో కనిపించిన మనిషిని కొంచెంసేపు పరీక్షగా చూశాను. మా తాత. ఏనుగు కథ ఇక ఎవరూ కాదనలేరు.

సోమవారం పొద్దున బస్టాండుకు పోయాక కానీ ఈ గుండు మహిమ తెలియలేదు. మా ఊళ్ళో గుండు ఉన్నవాళ్ళెవరూ మా ఊరివాళ్ళు కాదు. ఇది ఇక్కడి నమ్మకం. గుండు కనిపిస్తే యాత్రికులే. దుమ్ముకు భయపడి ముక్కుకు మాస్కు కూడా కట్టుకున్నానేమో, సొంత ఊళ్ళో ఒక్క పూటలో పరాయిదాన్ని అయిపోయాను. రోజూ నన్ను చూసే ఆటో అతను తమిళంలో పలకరించి, కాళహస్తికి తీసుకుపోతానన్నాడు. నేను రోజూ టీ తాగే కొట్టాయన నాతో హిందీలో మాట్లాడి, రేటు కూడా హిందీవాళ్ళ రేటే చెప్పాడు. పూలమ్మే ఆమె నన్ను చూసి బుట్ట అటు తిప్పుకుంది. తనను తాను పోగొట్టుకోవడానికి జనం అంతంత దూరాలు ఎందుకు పోతారో నాకు అర్థం కాలేదు. తిరుపతిలో నున్నగా గుండు కొట్టించుకుంటే సరిపోతుంది కదా.

నాలోని కొంటెతనానికి ఇంతకన్నా ఏం కావాలి? ఆయన తుండు విసిరి, ఎక్కి, తన చోట కూర్చున్నాడు. నేను వెనక తలుపులోంచి నెమ్మదిగా ఎక్కాను. ముందు సీట్లో టీచరమ్మ పక్కామెతో నా గురించే చెబుతోంది. ఇవాళ నవల తెస్తుందో లేదో అంటోంది. తెచ్చినా మంచు తప్ప ఏమీ ఉండదంటోంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, అంటే బస్సులో సగం మందికే వినిపించేలా, అన్న మాట ఇది:

"రాసే ఆమెకు ప్రేమ యాడుండాదో కనపడదు గానీ, కతలోని ఆమెకు మాత్రం హిమాలయాల్లో సూపిస్తాది."

నా నవల మీద ఇంతవరకూ వచ్చిన విమర్శల్లో ఇదొక్కటే నాకు నొప్పి కలిగించింది. అందుకే వెంటనే పోయి తుండు మీద ధబీమని కూర్చున్నాను.

"ఆళ్ వర్రాంగమ్మా," అన్నాడు ఆయన తమిళంలో, మనిషి వస్తుందని. మా సరిహద్దులో తమిళం అందరికీ అరువుకు దొరుకుతుంది.

నేను గొంతు మార్చి, తమిళం కలిపిన తెలుగులో, ఎవరు వస్తారు, ఎప్పుడు వస్తారు అని అడిగాను. ఆమె ఎక్కగానే లేస్తానన్నాను.

"ఒకామె. వస్తాననదు, రాననీ అనదు."

ఏం చేస్తుంది ఆమె అన్నాను.

"నవల రాస్తాది. అది అయిపోతే చెప్తానన్నాది. ఆ నవల్లో ఆమేమో మంచులో ఇరుక్కోని ఉండాది."

బస్సు కదిలింది. ఇంకా రాలేదే మరి, ఆమె కోసం సీటు పట్టి ఏం లాభం, తీసేయొచ్చు కదా అన్నాను. మాస్కు లోపల నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఆయన మాత్రం నవ్వలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ముందున్న సీటు కమ్మీని చూస్తూ చెప్పాడు.

"కాదంటే నేనేం కోపం చేసుకోనమ్మా. ఆమెకు ఇంతకు ముందు ఒకడు అన్యాయం చేసిపోయినాడు. భయం ఉంటాది. కానీ చెప్పాల గదా. ఈ వారంతో నాకు ఆఫీసు అయిపోతాది. ఆ తర్వాత కూడా పనీపాటా లేకుండా పొద్దున్నే వచ్చి ఈ సీటు పట్టుకోని చిత్తూరు దాకా పోయి తిరిగి వస్తా ఉంటే జనం నవ్వుతారు. నవ్వినా పర్వాలేదనుకోండి. వద్దు అంటే ఇంట్లో కూర్చుంటా. ఊరికే ఉంచితే యాడ కూర్చునేది?"

నవ్వు ఎక్కడికి పోయిందో తెలియదు. ఏదైనా కథ అల్లి మాట తిప్పుదామని చూశాను. ఏ ఏనుగూ సాయానికి రాలేదు. కిటికీలోంచి చంద్రగిరి కోట వెనక్కి పోతుంటే దాన్నే చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు కండక్టరు వచ్చాడు. రోజూ వచ్చే ఆయన సెలవు, ఈయన కొత్త. యాడికమ్మా అంటే, ఇంకా వేషం విడవకుండా కాణిపాకం అన్నాను. తమిళనాడు అయితే టికెట్టు, మన రాష్ట్రం అయితే ఆధార్ చూపించు, ఉచితం అన్నాడు. రోజూ చేసే పని, చెయ్యి దానంతట అదే సంచిలోకి పోయి ఆధార్ తీసింది. అందులో తలనిండా జుట్టుతో, పైట సర్దుకుని, ఎవరో ఒక మర్యాదస్తురాలు ఉంది. కండక్టరు ఆమెను చూశాడు, నన్ను చూశాడు. మాస్కు తీయమన్నాడు. తీశాను. మళ్ళీ చూశాడు.

"ఇది నువ్వేనా?" అన్నాడు.

నా నాయిక ఈ ప్రశ్న కోసమే అన్ని కొండలెక్కింది. నదిని అడిగింది, శిల్పిని అడిగింది, ఆకాశాన్ని కూడా అడిగింది. ఎవరూ పలకలేదు. నన్ను చిల్లర సంచి తగిలించుకున్న మనిషి అడిగాడు, ఒక్క మాటలో జవాబు కావాలి, వెనక ఇంకా జనం ఉన్నారు.

"ఆమేనప్పా," అన్నాడు పక్కన కూర్చున్న ఆయన. "చిత్తూరు. కోర్టులో పనిచేస్తాది. సున్నా టికెట్టు కొట్టియ్యి."

కండక్టరు టికెట్టు చింపిచ్చి ముందుకు పోయాడు. ముందు సీట్లోంచి టీచరమ్మ పూర్తిగా వెనక్కి తిరిగింది. ఆమె నోరు తెరుచుకునే ఉంది. నేను ఆమెను పట్టించుకోలేదు.

ఎప్పుడు గుర్తుపట్టారు అని ఆయన్ను అడిగాను.

"కూర్చున్నప్పుడే. వేరేవాళ్ళు తుండు తీసి నా చేతికిచ్చి కూర్చుంటారు. మీరు దాని మీదే కూర్చుంటారు."

అంటే ఆ మాటలన్నీ ఎవరో యాత్రికురాలికి చెప్పినవి కావు. నా మొహాన చెప్పినవే. ఇంతకాలం అందరినీ ఆడించానని మురిసిపోయిన నన్ను, వ్యవసాయశాఖలో ఎరువుల లెక్క చూసే మనిషి తమిళ భక్తురాలిగానే కూర్చోబెట్టి, చెప్పదలుచుకున్నదంతా చెప్పేశాడు. నాకు కోపం రావాల్సింది. రాలేదు. తల మీద గాలి చల్లగా తగులుతోంది. ఇన్నేళ్ళూ ఎంత బరువు మోశానో అనిపించింది. జుట్టు బరువే లెండి, ఇంకేమీ ఊహించుకోకండి.

"ఆదివారం మా ఇంటికి రాండి," అన్నాను. "మా అమ్మ ఉంటాది. పొద్దున్నే రాండి, మధ్యాహ్నం అయితే పండుకుంటాది."

ఆయన నా వైపు తిరిగాడు.

"నవల అయిపోయిందా?"

"లేదు. అయ్యేట్టు కూడా లేదు."

"మరి?"

"మీరు రాండి."

ఆయన అవునని అనలేదు, కాదని అనలేదు. పూతలపట్టు వచ్చింది. బస్సు ఆగింది, కదిలింది. మా వైపు తిరిగిన టీచరమ్మ తిరిగినట్టే ఉండి, తాను దిగాల్సిన ఊరు దాటిపోయిన సంగతి కూడా గమనించలేదు. అప్పుడు ఆయన గొంతు సవరించుకున్నాడు. ఎదురుగా అధికారి ఎవరో కూర్చున్నట్టు నిటారుగా అయ్యాడు.

"నాకు షుగరుండాది. ముందే చెప్తాండా."

సరే అన్నాను.

"బీపీ కూడా."

అదీ సరే అన్నాను. ఇంకా ఏమైనా ఉంటే ఇప్పుడే చెప్పమన్నాను.

"గురక పెడతానని మా కూతురంటాది. నేనెప్పుడూ వినలా." ఇంకొంచెం ఆలోచించాడు. "వంకాయ తినను."

షుగరుకు మందులున్నాయి, బీపీకి మందులున్నాయి, గురకకు పక్క గది ఉంది. వంకాయ దగ్గర మాత్రం నేను చిత్తూరు వచ్చేదాకా ఆలోచించాల్సి వచ్చింది.